‘గెట్’ ఎదురైనప్పుడు అర్థం పట్టుకోవడం ఎలా?

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల దగ్గర్నుంచి ఒకే ప్రశ్న రకరకాల రూపాల్లో వస్తూనే ఉంటుంది. “గెట్ అంటే పొందడం అని బడిలో చెప్పారు కదా, మరి ‘గెట్ అప్’ అంటే లేవడం ఎలా అయింది?” “‘గెట్ వెల్ సూన్’లో పొందేది ఏముంది?” “సినిమాలో పోలీసాయన ‘గాట్ ఇట్’ అన్నాడు, చేతిలో ఏమీ లేదే, ఏం దొరికింది?” ఒక మాటకు ఎదురుగా ఒక అర్థం రాసుకుని బట్టీ పట్టే అలవాటు మనకు చిన్నప్పటిది. ‘గెట్’ దగ్గర అది పనిచేయదు.

అలాగని పెద్ద నిఘంటువు తెరిచి అర్థాలన్నీ కంఠస్థం చేయబోకండి. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పులో ‘సెట్’ అనే క్రియకు 430 అర్థాలు ఇచ్చారు. తర్వాత ‘రన్’ దాన్ని దాటేసింది. ఆ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన పీటర్ గిలివర్ సుమారు 9 నెలలు ఆ ఒక్క క్రియ మీదే కూర్చుని 645 అర్థాలు తేల్చారు. ‘గెట్’ కూడా ఆ కుటుంబంలోదే. ఇంగ్లీషు తల్లిభాషగా పెరిగినవాళ్లెవరూ ఆ జాబితాలు చదివి మాట్లాడటం లేదు.

మనమూ అంతే. “ఎండ కొడుతోంది”, “సెంచరీ కొట్టాడు”, “బోర్ కొట్టింది”, “కన్ను కొట్టాడు”, “కంపు కొడుతోంది”. ‘కొట్టు’కు ఎన్ని అర్థాలో మనం ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. ముందున్న మాట వినగానే సంగతి తెలిసిపోతుంది. తెలుగులో క్రియ వాక్యం చివర ఉంటుంది కాబట్టి దాని అర్థం తేల్చే మాట దానికి ముందే వచ్చేస్తుంది. ఇంగ్లీషులో క్రియ ముందొచ్చి, తేల్చే మాట తర్వాత వస్తుంది. మన కన్ను, చెవి అలవాటు కొద్దీ ‘గెట్’ దగ్గరే ఆగిపోతాయి. ఆగకుండా కుడివైపుకి వెళ్లాలి. కింద చెప్పే పద్ధతంతా దీని మీదే నడుస్తుంది.

కావలసినవి

ఒక నోట్‌బుక్, పెన్సిల్. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం తయారైన నిఘంటువు ఒకటి: ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్, వీటిలో ఏదైనా సరే. మూడూ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ప్రతి అర్థానికీ ఉదాహరణ వాక్యం ఇస్తాయి, మనకు కావలసింది ఆ వాక్యమే. ఇంట్లో ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఉంటే పక్కన పెట్టుకోండి కానీ మొదట తెరవకండి.

ఇంకా, రోజూ మీ కళ్ల ముందుకు వచ్చే ఇంగ్లీషు కొంత కావాలి. ఆఫీసు మెయిళ్లు, క్రికెట్ వార్తలు, సినిమా సబ్‌టైటిళ్లు. పాఠ్యపుస్తకం దీనికి అంతగా పనికిరాదు. ‘గెట్’ మాట్లాడే భాషలో తిరిగే మాట, పాఠాల్లో తక్కువగా కనిపిస్తుంది.

1. వాక్యం మొత్తం రాసుకోండి

‘గెట్’ ఒక్కటే రాసుకుంటే మళ్లీ పాత కథే. పూర్తి వాక్యం రాసి ‘గెట్’ కింద గీత గీయండి. అది ఏ రూపంలో ఉన్నా వదలొద్దు: గెట్స్, గెటింగ్, గాట్, గాటెన్. చివరిది అమెరికాలో వినిపిస్తుంది, బ్రిటన్‌లో అరుదు. మాటల్లో అయితే ‘గాట్ టు’ నలిగిపోయి ‘గాటా’ అవుతుంది. సబ్‌టైటిల్ ఆన్ చేసుకుంటే ఇది దొరుకుతుంది, చెవితో మాత్రమే పట్టుకోవడం మొదట్లో కష్టం.

2. ఎడమవైపు ఒక్కసారి చూడండి

కుడివైపుకి వెళ్లేముందు ‘గాట్’కు ముందు ‘హ్యావ్’ లేదా ‘హ్యాజ్’ ఉందేమో చూడాలి. ఉంటే చాలాసార్లు అది ‘ఉంది’ అనే అర్థమే. “ఐ హ్యావ్ గాట్ టూ బ్రదర్స్” అంటే నాకు ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు. “ఐ హ్యావ్ గాట్ టు గో” అయితే వెళ్లక తప్పదు.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, చాలామంది పడతారు. “ఐ గాట్ టు సీ ది తాజ్ మహల్” అంటే తాజ్ మహల్ చూసే అవకాశం దక్కింది. “ఐ హ్యావ్ గాట్ టు సీ ది తాజ్ మహల్” అంటే తాజ్ మహల్ చూసి తీరాలి. ఒకరు చూసొచ్చారు, ఇంకొకరు ఇంకా బయల్దేరలేదు. మాట్లాడేటప్పుడు ఆ ‘హ్యావ్’ను ‘వ్’గా కుదించి, ఒక్కోసారి పూర్తిగా మింగేస్తారు. అప్పుడు తర్వాతి వాక్యమే దిక్కు.

అమెరికాలో ఉన్నవాళ్లు ఇంకొకటి గమనించాలి. అక్కడ “ఐ హ్యావ్ గాట్ ఎ కార్” అంటే కారు ఉంది, “ఐ హ్యావ్ గాటెన్ ఎ కార్” అంటే కారు సంపాదించుకున్నాను లేదా కొనుక్కున్నాను. అక్కడ బడికి వెళ్లే పిల్లల నోట ‘గాటెన్’ వినపడగానే తప్పని దిద్దకండి.

3. కుడివైపు ఏముందో గుర్తించండి

కుడివైపు వచ్చేవి ప్రధానంగా ఆరు రకాలు. నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి, బట్టీ పట్టాల్సింది ఈ ఒక్క పేజీనే.

- నౌన్ వస్తే: వచ్చు, దొరుకు, తెచ్చు, కొను
- అడ్జెక్టివ్ వస్తే: అవు
- చోటు వస్తే: చేరు
- క్రియ మూడో రూపం వస్తే: జరిగిపోయింది, అయిపోయింది
- మనిషి లేదా వస్తువు వచ్చి, ఆ తర్వాత ఇంకో క్రియ వస్తే: చేయించు
- అప్, ఆఫ్, ఓవర్ లాంటి చిన్న మాట వస్తే: ఆ జంటకు సొంత అర్థం

చోటు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. “గెట్ టు ది ఆఫీస్” అంటే ఆఫీసుకి చేరుకోవడం. హోమ్, హియర్, దేర్ ముందు మాత్రం ‘టు’ పెట్టకూడదు. “గెట్ హోమ్” సరైనది, “గెట్ టు హోమ్” తప్పు. మిగతావాటికి కొంచెం ఓపిక కావాలి.

4. నౌన్ అయితే: అదే వచ్చిందా, మనిషి కదిలాడా?

“షి గాట్ ఎ లెటర్”: ఆమెకు ఉత్తరం వచ్చింది. “గెట్ మీ ఎ గ్లాస్ ఆఫ్ వాటర్”: నాకు గ్లాసు మంచినీళ్లు తెచ్చిపెట్టు. మొదటి దాంట్లో వస్తువే నడిచి వచ్చింది, రెండోదాంట్లో మనిషి లేచి వెళ్లాలి. ‘గెట్’ తర్వాత ముందు మనిషి, తర్వాత వస్తువు వరుసగా ఉంటే తెచ్చి ఇవ్వడం లేదా కొనిపెట్టడం అనుకోండి, దాదాపు ఎప్పుడూ సరిపోతుంది.

“షి గాట్ ఎ న్యూ ఫోన్” దగ్గర మాత్రం ఆగాలి. కొనుక్కుందా, ఎవరైనా ఇచ్చారా, ఆ వాక్యం చెప్పదు. ముందూ వెనకా చదవకుండా ‘కొన్నది’ అని రాసేయొద్దు. తేలకపోతే “ఆమెకు కొత్త ఫోన్ వచ్చింది” అనండి, రెండింటికీ సరిపోతుంది.

కొన్ని నౌన్లకు మన వాడుక మనకుంది. “గెట్ ఎ కోల్డ్” అంటే జలుబు చేయడం. “గెట్ ది బస్” అంటే బస్సు పట్టుకోవడం, లేదా బస్సులో వెళ్లడం. ఇంట్లో బెల్ మోగినప్పుడు “విల్ యూ గెట్ ది డోర్?” అంటే తలుపు తీయమని. “ఐ డిడ్న్ట్ గెట్ ది జోక్” అంటే జోకు అర్థం కాలేదని. పోలీసాయన ‘గాట్ ఇట్’ ఇదే: “అర్థమైంది”.

తరచూ జరిగే పొరపాటు: “నేను ఉత్తరాన్ని పొందాను” అని రాయడం. ఇంగ్లీషులో ‘ఐ’ కర్త కాబట్టి తెలుగులోనూ ‘నేను’తో మొదలుపెడతారు. మనం ఇలాంటిచోట ‘నాకు’ అంటాం: నాకు ఉత్తరం వచ్చింది, నాకు ఉద్యోగం వచ్చింది, నాకు టికెట్ దొరికింది. మీ అనువాదంలో ‘పొందు’ కనబడితే ఆ వాక్యం మళ్లీ రాయండి. బహుమతి పొందడం, శిక్షణ పొందడం లాంటివి ఉండొచ్చు, అంతకుమించి ఆ మాట మన ఇళ్లలో వినబడదు.

5. అడ్జెక్టివా, నౌనా? ‘వస్తోంది’ దగ్గర జాగ్రత్త

మనవాళ్ల ఇంగ్లీషులో ఎక్కువ తప్పులు పడేది ఇక్కడే, అందుకే కాస్త ఆగి చూద్దాం.

తెలుగులో నిద్ర వస్తుంది, కోపం వస్తుంది, డౌటు వస్తుంది, నవ్వు వస్తుంది, వాన వస్తుంది. ‘వచ్చు’కు ‘గెట్’ అని ఒకసారి నేర్చుకున్నాక, చేయి దానంతట అదే “ఐ యామ్ గెటింగ్ స్లీప్” అని రాసేస్తుంది. ఇంగ్లీషులో “గెట్ స్లీప్” అంటే నిద్ర దొరకడం. “ఐ డిడ్న్ట్ గెట్ మచ్ స్లీప్” అంటే రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదని. ఇప్పుడు నిద్ర వస్తోంది అని చెప్పాలంటే “ఐ యామ్ గెటింగ్ స్లీపీ”. నౌన్‌ను అడ్జెక్టివ్ చేయాలి.

అలాగే ‘గెటింగ్ యాంగర్’ కాదు, ‘గెటింగ్ యాంగ్రీ’. ‘గెటింగ్ హంగర్’ కాదు, ‘గెటింగ్ హంగ్రీ’. ‘గెటింగ్ బోర్’ కాదు, ‘గెటింగ్ బోర్డ్’. చివరిది మన నోటికి బాగా అలవాటైపోయింది, ఎందుకంటే ‘బోర్’ను మనం తెలుగు నౌన్ చేసేసుకున్నాం. “గెట్ వెల్ సూన్”లో ‘వెల్’ కూడా అడ్జెక్టివే, త్వరగా నయమవ్వాలని.

మరి తలనొప్పి? “ఐ యామ్ గెటింగ్ ఎ హెడేక్” సరైనదే, ఆ ‘ఎ’ ఒక్కటి మరిచిపోకండి. జబ్బుల పేర్ల ముందు ‘గెట్’ బాగానే కూర్చుంటుంది. క్లాసులో డౌటు వస్తే “ఐ హ్యావ్ ఎ క్వశ్చన్” చాలు. నవ్వుకు “ఐ ఫీల్ లైక్ లాఫింగ్”. వానకు “ఇట్ ఈజ్ రైనింగ్”, అక్కడ ‘గెట్’కు పనేమీ లేదు.

సరిచూసుకోవడం తేలిక. ‘గెటింగ్’ తీసేసి ‘బికమింగ్’ పెట్టి చదవండి. “ఐ యామ్ బికమింగ్ స్లీపీ” అర్థవంతంగానే ఉంది. “ఐ యామ్ బికమింగ్ స్లీప్” అంటే నేనే నిద్రగా మారిపోతున్నానని.

6. చేయించడం: మనకు చేతిలో ఉన్న విద్య

మూడో రూపం ‘గెట్’ పక్కనే ఉంటే, మనిషికి ఏదో జరిగింది. “హి గాట్ ఫైర్డ్”: అతని ఉద్యోగం ఊడింది. “దే గాట్ మ్యారీడ్”: వాళ్లకు పెళ్లయింది. అన్నట్టు, “గాట్ మ్యారీడ్ విత్” అనకండి, ‘టు’ అనాలి. ‘తొలగించబడ్డాడు’ లాంటి ‘బడ్డాడు’ వాక్యాలు రాయొద్దు, ‘తీసేశారు’ అంటే సరిపోయేచోట అవి ఎందుకు?

‘గెట్’కూ మూడో రూపానికీ మధ్య వస్తువు దూరితే అర్థం తిరిగిపోతుంది. “ఐ గాట్ మై హెయిర్ కట్”: జుట్టు నేనే కత్తిరించుకోలేదు, కత్తిరించింది మంగలి. అంటే కటింగ్ చేయించుకున్నాను. తెలుగులో ‘చేసుకున్నా’కూ ‘చేయించుకున్నా’కూ తేడా చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా ఇంగ్లీషులోకి రాగానే “ఐ కట్ మై హెయిర్” అంటాం. మనమే అద్దం ముందు కత్తెర పట్టుకుని నిలబడ్డామని వినేవాళ్లు అనుకుంటారు. కాబట్టి ముందు తెలుగులో చెప్పుకోండి. ‘ఇంచు’ వినబడితే ‘గెట్’ పెట్టండి: బండి బాగు చేయించాను, “ఐ గాట్ మై బైక్ రిపేర్డ్”. బ్లౌజు కుట్టించుకున్నాను, “ఐ గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్”. జిరాక్స్ తీయించాను, “ఐ గాట్ ఇట్ ఫొటోకాపీడ్”.

వస్తువు బదులు మనిషి ఉంటే మధ్యలో ‘టు’ రావాలి. “ఐ గాట్ హిమ్ టు సైన్”: నచ్చజెప్పో, బతిమాలో అతని చేత సంతకం పెట్టించాను. ‘టు’ లేకుండా “ఐ గాట్ హిమ్ సైన్” తప్పు. ‘మేక్’ వాడితే ‘టు’ ఉండదు, “ఐ మేడ్ హిమ్ సైన్”, కానీ అప్పుడు బలవంతం వాసన వస్తుంది. పై అధికారి చేత పని చేయించుకున్న సంగతి మెయిల్‌లో రాసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి!

హెచ్చరిక: “హి గాట్ హిజ్ పర్స్ స్టోలెన్” కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది. పర్సు దొంగిలింపజేసుకున్నాడని కాదు, పర్సు పోగొట్టుకున్నాడు. ఆ పని ఎవరైనా కావాలని చేయించుకుంటారా అని అడగండి. చేయించుకోరు అనిపిస్తే అది నష్టం, ‘ఇంచు’ తీసేయండి.

7. చిన్న మాటలు: జంటగానే రాసుకోండి

‘గెట్ అప్’, ‘గెట్ ఓవర్’, ‘గెట్ బై’. వీటిని విడగొట్టి అర్థం వెతికితే దొరకదు. తెలుగులో మనమే ‘గెటప్’, ‘గెట్ టుగెదర్’ లాంటివి ఒక్క మాటగా వాడేస్తున్నాం. “గెటప్ మార్చాడు” అంటే వేషం మార్చాడు, ఇంగ్లీషులోనూ నౌన్‌గా దానికి ఆ అర్థం ఉంది. క్రియగా అయితే లేవడమే.

అన్నీ ఒకేసారి వద్దు. ప్రయాణాలవి ముందు నేర్చుకోండి, రోజూ పనికొస్తాయి. లోపల లేచి నిలబడి నడవగలిగే వాహనం అయితే ‘ఆన్’, ‘ఆఫ్’: బస్సు, రైలు, విమానం. కూర్చోవడమే తప్ప నిలబడలేనిదైతే ‘ఇన్’, ‘అవుట్ ఆఫ్’: కారు, ఆటో. కాళ్లు రెండువైపులా వేసి ఎక్కేవి, అంటే సైకిల్, మోటర్‌సైకిల్, గుర్రం, మళ్లీ ‘ఆన్’, ‘ఆఫ్’.

బస్సు దిగడానికి మన దగ్గర అందరూ ‘గెట్ డౌన్’ అంటారు. హైదరాబాద్‌లో, విజయవాడలో కండక్టరుతో ఆ మాటంటే ఏ ఇబ్బందీ లేదు. పరీక్షలోనూ విదేశంలోనూ మాత్రం ‘గెట్ ఆఫ్’ వాడండి. అక్కడ ఎవరైనా గట్టిగా “గెట్ డౌన్!” అని అరిస్తే వంగి నేల మీదకు ఒదగమని అర్థం.

తర్వాతి వాయి: గెట్ ఓవర్ అంటే జబ్బు నుంచో బాధ నుంచో తేరుకోవడం. గెట్ అలాంగ్ అంటే పొసగడం. గెట్ బై అంటే ఉన్నదాంతో నెట్టుకురావడం. గెట్ త్రూ అంటే ఫోన్ కలవడం, గట్టెక్కడం. గెట్ అవే విత్ అంటే తప్పు చేసి శిక్ష లేకుండా తప్పించుకోవడం. ఒక్కోదానికి మీ జీవితంలోంచి ఒక వాక్యం రాయండి. అత్తగారితో పొసగడం గురించి రాసిన వాక్యం నిఘంటువులో వాక్యం కన్నా బాగా గుర్తుంటుంది.

8. సరిచూసుకోండి

‘గెట్’ స్థానంలో వేరే ఇంగ్లీషు క్రియ పెట్టి చూడండి: రిసీవ్, బికమ్, అరైవ్, బ్రింగ్, బై, అండర్‌స్టాండ్. ఒకటి అతికితే మీ అర్థం సరైనదే. ఏదీ అతకకపోతే నిఘంటువు తెరవండి, ‘గెట్’ కింద కాదు, ఆ జంట కింద వెతకండి.

తర్వాత మీ తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు రాని ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి. “అదేం తెలుగురా?” అంటే మళ్లీ రాయాలి. ఫోన్‌లోని అనువాద యాప్‌ను చివర్లో చూడొచ్చు కానీ దానికి ఒక్క ముక్క ఇవ్వకండి, ముందూ వెనకా వాక్యాలతో కలిపి ఇవ్వండి.

రాసేటప్పుడు ఇంకో సంగతి. దరఖాస్తులో, పరీక్ష వ్యాసంలో ‘గెట్’ తగ్గించండి. “ఐ రిసీవ్డ్ యువర్ లెటర్” అక్కడ అందంగా ఉంటుంది. మాటల్లో ఉల్టా: క్యాంటీన్‌లో నిలబడి “ఐ అబ్‌టెయిన్డ్ ఎ కాఫీ” అంటే పక్కవాళ్లు నవ్వుకుంటారు.

ఒకటి కలిసి చేద్దాం

“ఐ గాట్ అప్ లేట్. ఐ గాట్ డ్రెస్డ్ ఇన్ ఎ హర్రీ అండ్ గాట్ టు సికింద్రాబాద్ స్టేషన్, బట్ ఐ గాట్ ఆన్ ది రాంగ్ ట్రెయిన్. ఐ గాట్ ఆఫ్ ఎట్ కాజీపేట. మై బాస్ ఇన్ విజయవాడ గాట్ యాంగ్రీ. ఐ గాట్ ఎ ఫ్రెండ్ టు కవర్ ఫర్ మి. ఐ హ్యావ్ గాట్ టు గెట్ ఎ న్యూ అలారం క్లాక్.”

కింద చదవకుండా ముందు మీరే ప్రయత్నించండి. ‘పొందు’ ఒక్కసారి కూడా రాకూడదు.

“ఆలస్యంగా లేచాను. హడావిడిగా బట్టలు వేసుకుని సికింద్రాబాద్ స్టేషన్‌కి చేరాను కానీ వేరే రైలెక్కేశాను. కాజీపేటలో దిగాను. విజయవాడలో మా బాస్‌కి కోపం వచ్చింది. నా పని ఒక ఫ్రెండ్ చేత చేయించాను. కొత్త అలారం గడియారం కొనక తప్పదు.”

‘గాట్ డ్రెస్డ్’ దగ్గర మూడో రూపం ఉంది కదా అని ‘బట్టలు వేయబడ్డాయి’ అని రాసినవాళ్లు ఆరో మెట్టు మళ్లీ చదవండి. ‘గాట్ యాంగ్రీ’కి ‘కోపంగా అయ్యాడు’ అన్నవాళ్లకు అర్థం తెలిసింది, తెలుగు తప్పింది. చివరి వాక్యంలో రెండు గెట్‌లూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. మొదటిదానికి ఎడమవైపు చూడాలి, రెండోదానికి కుడివైపు. ఆ ఒక్క వాక్యం తప్పు లేకుండా వచ్చిందంటే రేపటి నుంచి మీ ఆఫీసు మెయిళ్ల మీద పడొచ్చు.